గంప దించే చెయ్యి



పులికాట్ సరస్సు వైపు నుండి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే తల్లులను మన దొరవారిసత్రం ప్రాంతం వారందరూ ఎరుగుదురు. గంప నిండుగా ఉంటే ఎత్తుకునేటప్పుడే కాదు, దించుకునేటప్పుడు కూడా "అమ్మా, కాస్త చెయ్యి వెయ్యి" అని అడుగుతారు. ఒంటరిగా దించబోతే చేపలు నేలపాలే. మనసులోని బరువు కూడా అటువంటిదే. దానికి మరొకరి చెయ్యి కావాలి.

అలసిన వారిని, భారం మోస్తున్న వారిని ప్రభువు తన వద్దకు పిలిచిన సంగతి (మత్తయి 11:28) మనకు కంఠపాఠమే. అయినా చాలామందిమి పూజకు ఏ బరువుతో వస్తామో ఆ బరువుతోనే ఇంటికి పోతున్నాము. ఏ బరువు ఎటువంటిదో విడదీసి చూసుకోకపోవడమే దీనికి కారణం. ఆత్మశోధన కోసం దానిని మూడు విధాలుగా చూద్దాం.

1. నా తప్పుల బరువు

పేతురు, యూదా ఒకే రాత్రి ప్రభువుకు ద్రోహం చేశారు. ఇద్దరూ పశ్చాత్తాపపడ్డారు. యూదా తన దోషాన్ని ప్రధానార్చకుల వద్దకు తీసుకుపోయాడు. వారు తమకేమీ పట్టనట్టు తోసిపుచ్చారు. అతడు ఆ బరువుతో ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు వెక్కి వెక్కి ఏడ్చినా తోటి శిష్యులను విడిచిపోలేదు. తిబెరియ తీరాన ప్రభువు అతని ప్రేమను గూర్చి మూడుసార్లు అడిగి, మూడుసార్లు బొంకిన బొంకును కడిగివేశాడు (యోహాను 21). పాపసంకీర్తనంలో జరిగేది ఇదే. గురువు పాపవిమోచనం పలికిన తరువాత కూడా ఇరవై ఏండ్ల నాటి తప్పును తవ్వుకుంటూ, దేవుడు నన్ను క్షమించలేదని కుమిలిపోయేవారున్నారు. అది పైకి వినయంలా కనిపిస్తుంది. నిజానికి దేవుని తీర్పు కంటె నా తీర్పే పెద్దదనుకోవడం అది.

2. ఇతరులు చేసిన గాయం

పొలం గట్టు దగ్గరనో, ఆస్తి పంపకాల దగ్గరనో, పెండ్లిలో జరిగిన మర్యాద లోపం దగ్గరనో మొదలైన పగ రెండు తరాలు నడుస్తుంది. అన్నదమ్ములు ఒకే గుడిలో దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు, గుడి బయట ముఖాలు తిప్పుకుంటారు.

యోసేపును చూడండి. దేవుడు తన కష్టాలను మరపించాడన్న భావంతో పెద్దకొడుకుకు మనష్షే అని పేరు పెట్టాడు (ఆదికాండము 41:51). కాని అన్నలు ఎదుటపడగానే చాటుకు పోయి ఏడ్చాడు. మరచిపోవడం వేరు, దించుకోవడం వేరు. తండ్రి మరణించాక తమ్ముడు పగ తీర్చుకుంటాడేమోనని అన్నలు వణికిపోయినప్పుడు, తాను దేవుని స్థానంలో లేనని యోసేపు జవాబిచ్చాడు (50:19). కీలకం ఇక్కడే ఉంది. న్యాయాధిపతి పీఠం మీద మనమే కూర్చుని, ఎదుటివాని మీద రేయింబవళ్లు వ్యాజ్యం నడుపుతాము. గాయం కంటె ఈ వ్యాజ్యమే మనలను ఎక్కువ కుంగదీస్తుంది. ఆ పీఠం దేవునిది. అందులో నుండి లేవడమే క్షమాపణ.

ఇది సాధ్యమా? కేరళలో పుట్టి మధ్యప్రదేశ్ పేదల మధ్య పనిచేసిన సిస్టర్ రాణి మరియను 1995 ఫిబ్రవరి 25న సమందర్ సింగ్ అనే వ్యక్తి బస్సు ప్రయాణంలో కత్తితో పొడిచి చంపాడు. 2002లో ఆమె చెల్లెలు సిస్టర్ సెల్మి పాల్ జైలుకు వెళ్లి అతనికి రాఖీ కట్టి తమ్మునిగా చేసుకున్నారు. తల్లి కూడా తరువాత అతనిని కలిసి, తన బిడ్డను చంపిన ఆ చేతులను ముద్దాడింది. 2017 నవంబరు 4న ఇండోరులో తిరుసభ రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించింది. హత్యకు, రాఖీకి నడుమ ఏడేండ్లు గడిచిన సంగతి గమనించండి. క్షమాపణ ఒక్క పూటలో పండే పంట కాదు.

3. దుఃఖపు బరువు

2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని తాకింది. ఆనాటి దుఃఖాన్ని ఇప్పటికీ మోస్తున్న కుటుంబాలున్నాయి. విశ్వాసులు ఏడవకూడదని చెప్పేవారి మాట వినకండి. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీరు కార్చాడు. దుఃఖానికి మందులేవని విచారించిన పునీత తోమాసు అక్వినాసు, కన్నీటిని, స్నేహితుల ఓదార్పును, సత్యధ్యానాన్ని మాత్రమే కాక, నిద్రను, స్నానాన్ని కూడా ఆ జాబితాలో చేర్చారు. అంతటి మహాజ్ఞాని శరీరాన్ని మరువలేదు. మనసు కుంగి నెలల తరబడి నిద్ర, ఆకలి లేనివారు జపంతో పాటు వైద్యుని సహాయం కూడా తీసుకోవాలి. అది విశ్వాసలోపం కాదు.

ఒక హెచ్చరిక

దించుకోవడమంటే అన్యాయానికి తల ఊపడం కాదు. క్షమించబడిన సమందర్ సింగ్ జైలు శిక్ష అనుభవించినవాడే. దెబ్బలు తింటున్న భార్యను, మోసపోయిన పేదవానిని "క్షమించి ఊరుకో" అని నోరు మూయించడం సువార్త కాదు. ప్రాణానికి రక్షణ వెదకవచ్చు, చట్టాన్ని ఆశ్రయించవచ్చు. పగను మాత్రం ఇంట పెట్టుకోకూడదు.

ఈ వారం చేయవలసినది

ఒక రాత్రి జపమాల ముగిసిన తరువాత, మీ బరువు ఈ మూడింటిలో ఏదో గుర్తించండి. తప్పయితే పాపసంకీర్తనానికి రండి. గాయమైతే ఆ మనిషి పేరు పెట్టి ఒక్క పరలోక జపం చెప్పండి, మనసు ఒప్పకపోయినా చెప్పండి. దుఃఖమైతే నమ్మదగిన ఒకరితో కూర్చుని మాట్లాడండి. అలాగే మీ వీధిలో ఎవరి నెత్తిన గంప బరువుగా ఉందో చూసి, అడగకముందే చెయ్యి వేయండి.

ప్రభువా, మా తీర్పులను నీ చేతికి అప్పగిస్తున్నాము. మా గాయాలను నీ గాయాలలో దాచుకో. ఆమెన్.