అడగనివానికి ఏమివ్వాలి?

కంప్యూటరును నడిపించేది ఆపరేటింగ్ సిస్టం. దాని నడిబొడ్డున ఉండేది కెర్నెల్. మెమరీని పంచిపెట్టడం, డిస్కుతో, కీబోర్డుతో మాట్లాడటం దాని పనులే. 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్‌ను ఈనాడు ఎవరైనా తెచ్చుకుని, తమ యంత్రానికి తగినట్లు కూర్చుకోవచ్చు. కూర్చేముందు ఏయే భాగాలు కావాలో మనం చెప్పాలి. అటువంటి ఎంపికలు పదివేలకు పైమాటే! అన్నింటికీ ఆలోచించి జవాబు చెప్పే ఓపిక ఎవరికుంటుంది? అందుకే మనం పలకని చోట ఏది చెల్లాలో రాసినవాళ్ళే ముందుగా నిర్ణయించి పెడతారు. అదే డిఫాల్టు.

చాలా ఎంపికలకు జవాబులు మూడు. 'వై' అంటే ఆ భాగం కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. 'ఎం' అంటే మాడ్యూలుగా విడిగా ఉండి, అవసరమైనప్పుడు వచ్చి చేరుతుంది. 'ఎన్' అంటే అక్కరలేదని.

ఈ తేడా నాకు దెబ్బ తిన్నాకగాని తెలియలేదు. కెర్నెల్ చిన్నదిగా ఉండాలన్న ఉబలాటంతో కనిపించినదానికల్లా 'ఎం' కొట్టాను. డిస్కులోని ఫైళ్ళను చదివే ఈఎక్స్‌టీ4 భాగానికీ అంతే. మొదట్లో మాడ్యూళ్ళను అందించే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే మూటనూ కట్టలేదు. ఇంకేముంది, యంత్రం సగంలోనే ఆగిపోయింది. డిస్కును చదవడానికి కావలసిన మాడ్యూలు ఆ డిస్కులోనే ఉంది మరి! తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లయింది. పాత కెర్నెల్‌ను చెరపలేదు కాబట్టి బతికిపోయాను.

మరి డిఫాల్టు ఎలా ఉండాలి? లైనక్స్ వారి నియమం స్పష్టంగానే ఉంది: కొత్త ఎంపిక ఏది వచ్చినా మామూలుగా 'ఎన్' అనే ఉండాలి. ఎవరు రాసిన భాగం వారికి ముద్దే. అందరూ 'వై' పెట్టుకుంటూ పోతే కెర్నెల్ ఊరికే ఉబ్బిపోతుంది. కూర్చే సమయం పెరుగుతుంది. వాడని భాగంలోని లోపం కూడా దొంగకు దారి అవుతుంది. మినహాయింపులూ లేకపోలేదు. ఇదివరకు ఎప్పుడూ ఉంటూ వచ్చిన భాగాన్ని కొత్తగా ఐచ్ఛికం చేస్తే దానికి 'వై' ఉండాలి. లేకుంటే నిన్నటిదాకా నడిచిన యంత్రం ఈరోజు మూలపడుతుంది. నెట్‌వర్కు వంటి అందరూ ఆశించే వాటికీ 'వై' తగును.

అన్నిచోట్లా ఔను, కాదు అంటే తేలదు. కెర్నెల్ గడియారం సెకనుకు ఎన్నిసార్లు కొట్టాలి? ఇంటెల్ తరహా యంత్రాల్లో 2.4 కాలంలో 100 సార్లు, 2.6 వచ్చాక 1000 సార్లు కొట్టేది. ఎక్కువసార్లు కొడితే యంత్రం చురుగ్గా స్పందిస్తుంది. కానీ ప్రతి దెబ్బకూ ప్రాసెసరు పని ఆపి చూడాలి, బ్యాటరీ తరుగుతుంది. 2005లో 2.6.13తో దీన్ని మన ఇష్టానికి వదిలి, డిఫాల్టు 250 చేశారు. అంటే 4 మిల్లీసెకన్లకు ఒక దెబ్బ. ఇది ఎవరికీ పూర్తిగా నచ్చేది కాకపోవచ్చు, ఎవరినీ ముంచేదీ కాదు.

మిత్రులారా, తెలిసినవాడు తనకు కావలసింది ఎలాగూ మార్చుకుంటాడు. డిఫాల్టు బరువు మోసేది మార్చుకోవచ్చని కూడా తెలియనివాడే. కాబట్టి దాన్ని నిర్ణయించేవాడు తన ముచ్చట కాదు, ఆ తెలియనివాని యంత్రం రేపు లేస్తుందా లేదా అన్నది చూడాలి. మీరూ ప్రయత్నించండి. పాత కెర్నెల్‌ను మాత్రం చెరపకండి!