ముందు పైకప్పు సంగతి చూడు చెల్లీ

కూలర్ కొనాలా, ఏసీ పెట్టించాలా అని అడుగుతున్నావు కదా చెల్లీ, ఆ రెండూ తర్వాత. ముందు ఒక పని చెయ్యి. రాత్రి భోజనాలయ్యాక ఫ్యాన్ ఆపేసి, స్టూలెక్కి, స్లాబుకి అరచెయ్యి ఆనించి చూడు. వీధిలో గాలి చల్లబడి అరుగుల మీద జనం కూర్చునే వేళకి కూడా నీ స్లాబు కాలుతూనే ఉందనుకో, నీ ఇంటి ఉడుకు ఎక్కడిదో తెలిసిపోయినట్టే. పగలంతా తాగిన ఎండని కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా కిందికి వదులుతుంది. దాన్ని అలాగే ఉంచి ఏసీ బిగిస్తే, ఆ మిషను రాత్రంతా కప్పుతో పోట్లాడుతుంది. బిల్లు నువ్వు కడతావు.

మన ఖరగ్‌పూర్ ఖరిదా ఎండ సంగతి నీకు చెప్పాలా? 2024 ఏప్రిల్ 30న, ఇదిగో మన పక్కనున్న కలైకుండలో 47.2 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండకి సున్నమే మొదటి మందు. కప్పు తుడిచి, కడిగి, ఆరనిచ్చి, సున్నం నీళ్ళలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వెయ్యి. తెల్లటి కప్పు ఎండని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ తెల్లకప్పుల కోసం ఏకంగా ఒక పాలసీయే తెచ్చింది. సున్నం వానకి కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మాఘం వెళ్ళేసరికి మళ్ళీ వేసుకోవాలి. నీది రేకుల ఇల్లయితే పైన తెల్లరంగు వేయించి, కింద సీలింగు కొట్టించు. రేకుకీ సీలింగుకీ మధ్య జానెడైనా ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలో చిక్కిన వేడి పోవడానికి రెండు చివరలా కంతలుండాలి. సిమెంటు రేకుల్ని మాత్రం గీకించకు, పొడిగా రుద్దించకు. చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చిన రోజుల్లో ఏసీలెక్కడివి? సౌత్ సైడు పాత రైల్వే బంగళాలు ఎప్పుడైనా నిదానంగా చూడు. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, ఎండని గోడ దాకా రానివ్వని వరండా, కప్పుకి ఆనుకుని వెంటిలేటర్లు. వేడిగాలి పైకెక్కి ఆ కంతల్లోంచే పోయేది. మన చిన్న ఇళ్ళల్లోనూ వెంటిలేటర్లున్నాయి చెల్లీ. దోమలనీ, దుమ్మనీ, పావురాలనీ అట్టముక్కలు కుక్కేశాం, అంతే. అట్ట తీసి జాలీ కొట్టించు.

ఇక కూలర్. ఏప్రిల్లో ప్రాణం పోసిన కూలర్ జూన్ వచ్చేసరికి ఎందుకు విసిగిస్తుందని చాలామంది అడుగుతారు. మిషను పాడవలేదు, గాలి మారింది. ఏప్రిల్లో పడమటి నుంచి వచ్చేది పొడిగాలి. తడి గడ్డి మీదుగా వెళ్ళినప్పుడు నీళ్ళని గబగబా ఆవిరి చేసి తాను చల్లబడుతుంది. ఎండలు ముదిరాక దిఘా వైపు నుంచి సముద్రపు తేమ ఎక్కుతుంది. అప్పటికే తడిసిన గాలి ఇంకా నీళ్ళు పట్టలేదు కాబట్టి చల్లబడదు, పైగా ఒంటి చెమట ఆరనివ్వదు. అందుకని ఉక్క రోజుల్లో కూలర్ నీళ్ళ పంపు ఆపేసి, ఫ్యాను ఒక్కటే తిప్పు. పంపు వేసిన కొద్దీ జిగట ఎక్కువవుతుంది.

పొడి రోజుల్లో కూడా చాలా ఇళ్ళల్లో కూలర్‌ని గది మధ్యన పెట్టి, తలుపులన్నీ మూసి కూర్చుంటారు. ఏసీకి మూసెయ్యాలి గానీ కూలర్‌కి తెరవాలి తల్లీ. కూలర్ వీపు కిటికీ బయటికి ఉండాలి, ఎదురు కిటికీ బెత్తెడు తెరిచుండాలి. గాలి ఎటు పోతుందో తెలియాలంటే కూలర్ తిరుగుతుండగా అగరబత్తి వెలిగించి ఎదురు కిటికీ దగ్గర పట్టుకో. పొగ బయటికి సాగితే దారి బాగున్నట్టు. అక్కడక్కడే సుడి తిరిగితే గాలికి పోయే దారి లేదన్నమాట. ఇంకో కిటికీ తెరువు, లేదా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యి. ఆ ఒక్క మార్పుతో గది తేలికపడుతుంది. తొట్టిలో నీళ్ళు వారానికోసారి పూర్తిగా పారబోసి తోము, మూలల్లో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

ఫ్యాన్ నెమ్మదించిందా? కొత్తది కొనకముందు కండెన్సర్ మార్పించు, చాలాసార్లు దోషం ఆ చిన్న డబ్బాదే. ఒకటి మాత్రం గుర్తుంచుకో. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన చెమటని ఆరబెడుతుంది. గది వేడి 40 దాటితే ఆ గాలి ఒంటిని ఇంకా కాలుస్తుంది. అలాంటి మధ్యాహ్నాల్లో అత్తగారినీ పసివాళ్ళనీ కింది అంతస్తులో ఉంచి, తడిబట్టతో ఒళ్ళు తుడుస్తూ ఉండు. పెద్దావిడ మాట తడబడినా, మగతగా ఉన్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు.

ఏసీ గురించి చెప్పాలంటే రైలు బోగీయే మంచి పాఠం, మనది రైల్వే ఊరు కదా. ఏసీ బోగీ కప్పు మీద చివర్లలో మిషన్లుంటాయి. చల్లగాలి సీలింగు లోపలి డక్టు వెంట బోగీ పొడవునా నడిచి కిందికి దిగుతుంది. వేడెక్కిన గాలి ఫిల్టరు దాటి మళ్ళీ మిషన్లోకే వెళ్తుంది. ఆ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే మిషను ఎంత మంచిదైనా బోగీలో ఉక్కే. నీ ఇంటి స్ప్లిట్ ఏసీదీ అదే కథ. మూత ఎత్తి, జాలీ తీసి, కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టు. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి. లోపల మంచు కట్టినా, గాలి పల్చబడినా ముందు చూడాల్సింది ఈ జాలీనే. నీళ్ళు గోడ మీద కారుతుంటే డ్రెయిన్ పైపులో నాచు పట్టి ఉంటుంది, లేదా పైపు వాలు సరిగా ఉండదు.

మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి" అన్నాడనుకో, ఎక్కడ లీకవుతోందో చూపించమను. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే కారిందనే. లీకు మూయకుండా నింపితే వచ్చే ఏడు మళ్ళీ నువ్వు డబ్బు పోయాల్సిందే. రిమోట్‌ని 18కి నొక్కినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు. 2020 నుంచి స్టార్ ఏసీలు వెయ్యగానే 24 దగ్గరే మొదలవ్వాలని రూలు పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని లెక్క. 26 పెట్టి ఫ్యాన్ చిన్నగా తిప్పి చూడు, ఒళ్ళు నొప్పులు కూడా ఉండవు.

చలికాలం మాట ఒకటి మిగిలింది. సంక్రాంతి ముందు రాత్రుళ్ళు మనకీ గట్టిగానే చలేస్తుంది. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో బొగ్గుల కుంపటి గదిలో పెట్టి, తలుపులు బిగించి పడుకునే అలవాటు ఇంకా పోలేదు. వద్దు చెల్లీ, నీ కాళ్ళు పట్టుకుని చెబుతాను. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూసిన బాత్రూములో గ్యాస్ గీజరుదీ అదే ప్రమాదం. కుంపటి వాకిట్లోనే ఉంచి, అక్కడే చేతులు కాచుకోండి. మంచం మీద వేడినీళ్ళ సంచీ, కాళ్ళకి మేజోళ్ళు, పక్క కింద దళసరి బొంత. గీజరు సిలిండరుతో సహా బాత్రూము బయట బిగించమని ఇంటాయనతో ఈ ఆదివారమే చెప్పు.