ఘనపురము: కోటగుళ్లు, గణపసముద్రము

తెలంగాణమున ఘనపురమను పేరుగల ఊళ్లు ఒకటి కంటె ఎక్కువ గలవు. రైలుమార్గమున నున్న స్టేషన్ ఘనపురము జనగామ జిల్లాలోనిది. మనము చూడబోవు ఘనపురము జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. దీనినే ములుగు ఘనపురమనియు పిలుతురు. ప్రసిద్ధమైన రామప్పగుడి దీనికి చేరువనే యున్నది.

కాకతీయ చక్రవర్తియగు గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యమేలెను. ఈ ఊరి గుళ్లును, చెరువును ఆతని కాలమునాటివే. దేవుడు గణపేశ్వరుడు, చెరువు గణపసముద్రము. రెంటికిని రాజు పేరే వచ్చినది.

గుళ్లచుట్టును రెండు రాతి ప్రాకారములున్నవి. దూరమునుండి చూచువారికి కోటవలె తోచును; అందుచేతనే జనులు కోటగుళ్లనిరి. లోపల మొత్తము 22 గుళ్లు గలవు. నడుమనున్న పెద్దగుడి తూర్పుముఖమైనది. దాని ఉత్తరపు వైపున అదే పోలికలో మరియొక శివాలయమున్నది. చూరు క్రింది మదనికల విగ్రహములను చూచినవారికి రామప్ప శిల్పులు జ్ఞప్తికి రాక మానరు. సగము మనిషి, సగము సింహమైన ఒక వింతరూపము ఏనుగుపై నెక్కియుండుట పిల్లలకు మిక్కిలి నచ్చును. కాలవశమున చాల రాళ్లు ఒరగినవి, కొన్ని విరిగినవి. అయినను చెక్కడపు పనితనము చెడలేదు.

వచ్చినవారిలో పెక్కురు ఇంతమాత్రము చూచి మరలిపోవుదురు. చెరువు కట్టయెక్కువారు తక్కువ. ఇది నాకు వింతగా తోచును. గుళ్లు కట్టించిన కాలమే చెరువును త్రవ్వించినది. గుళ్లు చూచుటకు మిగిలినవి, చెరువో నేటికిని పనిచేయుచున్నది.

కాకతీయులు పలుచోట్ల గుట్టల నడుమ మట్టికట్ట వేసి వాననీటిని నిలిపిరి. అలల తాకిడికి కట్ట కోసుకొనిపోకుండ లోపలివైపున రాళ్లు పేర్చిరి. నీటిని పొలములకు విడుచుటకు తూములు పెట్టిరి. చెరువు నిండినపుడు మిగులునీరు మత్తడి దూకి క్రిందిచెరువునకు పోవును. ఏ మడికి ఎంత నీరో చూచు పని నీరటికానిది. ఇందులో ఏ యొక్కటి చెడినను తక్కినవి నిలువవు.

హాలెండు దేశమున కిండర్‌డైక్ అనుచోట 19 గాలిమరలున్నవి. వానిలో పెక్కు 1740 ప్రాంతమున కట్టబడినవి. అవి పిండి విసరుటకు కట్టినవి కావు. పల్లపు నేలలలోని నీటిని పైకితోడి నదిలో విడుచుటకు కట్టినవి. అక్కడ నీరు ఎక్కువై బాధ, ఇక్కడ తక్కువై బాధ. 1997లో వానికి ప్రపంచ వారసత్వ స్థానము లభించెను. ఇప్పుడు ఆ పనిని ముఖ్యముగా పంపులే చేయుచున్నను, మరలలో నేటికిని కుటుంబములు కాపురముండి వానిని త్రిప్పుచునే యుందురు. త్రిప్పని మర కొయ్యపుచ్చి పాడగునని వారెరుగుదురు.

చెరువు సంగతియు అంతియే. ఏటేట వరదతో వచ్చు ఒండ్రు అడుగున పేరుకొని లోతు తగ్గించును. పూర్వము రైతులు వేసవిలో ఆ మట్టిని బండ్లకెత్తి పొలములకు తోలెడివారు. చేనికి ఎరువు, చెరువునకు లోతు. ఆ వాడుక నడుమ సన్నగిల్లగా, 2015లో మిషన్ కాకతీయ అను పథకము క్రింద తెలంగాణములోని చెరువులలో పూడికతీత చేపట్టబడెను. ఎద్దులబండ్లకు మారుగా ట్రాక్టర్లు వచ్చినవి.

మీరు ఘనపురము పోయినపుడు ఉదయమున గుళ్లు చూచి, ఎండ తగ్గిన పిమ్మట కట్టపై నడువుడు. ఒకవైపు నీరు, మరియొకవైపు ఆ నీరు పారు పొలములు కానవచ్చును. తూము దగ్గర పెద్దలెవరైన ఉన్నచో, నీరు ఏ మడి వరకు పోవునో అడుగుడు.