పండగ మూడు రోజులూ తిన్నాక, మళ్ళీ దారిలో పడటం ఎలా?

భోగికి బొబ్బట్లు, సంక్రాంతికి పరమాన్నం, పులిహోర. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు, గారెల్లోకి నాటుకోడి పులుసు. ఆ రోజు కాకి కూడా కదలదంటారు, ఇక మనం బయల్దేరేదెక్కడ? ముక్కనుమ ముక్క కూడా అక్కడే. రెండు నెలలుగా అన్నం తగ్గించి, సాయంత్రాలు నడిచి మూడు కిలోలు తగ్గిన మనిషి ఊరి నుంచి తిరిగొచ్చి వెయింగ్ మిషన్ ఎక్కితే రెండు కిలోలు పెరిగినట్టు చూపిస్తుంది. పడ్డ కష్టమంతా మట్టిపాలైందని అక్కడితో వదిలేసేవాళ్ళే ఎక్కువ. నిజానికి పోయింది చాలా తక్కువ. మనల్ని ముంచేది ఆ తర్వాతి పదిహేను రోజులు. అరిసెల డబ్బా అడుగు కనిపించేదాకా, ‘వచ్చే సోమవారం నుంచి మొదలుపెడదాం’ అనుకుంటూ తినే తిండి.

1. ముందు మిషన్‌ని వారం రోజులు మంచం కిందికి తోసేయండి

లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి ఖర్చయ్యేదానికి మించి దాదాపు 7,700 కేలరీలు లోపలికి వెళ్ళాలి. రోజుకి వెయ్యి చొప్పున మూడు రోజులు అదనంగా తిన్నా 3,000 కేలరీలే. అంటే కొవ్వుగా మారేది మహా అయితే 400 గ్రాములు. మరి మిగతా బరువు ఎక్కడిది? చాలావరకు నీళ్ళు. అన్నం, బెల్లం లాంటివి కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలోనూ కండరాల్లోనూ దాగుతాయి. గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని వెంటేసుకుని కూర్చుంటుంది. తిండి తగ్గించినవాళ్ళలో ఆ నిల్వ తగ్గి ఉంటుంది కాబట్టి పండగ అన్నం ముందు అక్కడికే చేరుతుంది. పులిహోర, ఊరగాయ, సకినాల్లోని ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. తిన్నదాంట్లో కొంత ఇంకా పేగుల్లోనే ఉంటుంది. మామూలు తిండికి వచ్చేస్తే ఇదంతా వారం అటూ ఇటూగా దిగిపోతుంది.

గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళ సంగతి వేరు. బరువు పెరగడంతో పాటు కాళ్ళ వాపు, ఆయాసం ఉంటే వారం ఆగకూడదు, డాక్టరుకి చూపించుకోవాలి.

2. లంఖణం చేయకండి

లంఖణం పరమౌషధం అన్న మాట ఒంట్లో బాగోలేనప్పటిది. నిన్న తిన్నదానికి శిక్షగా ఈ రోజు మాడటం వేరే పని. పొద్దున్నుంచి మంచినీళ్ళతో లాక్కొచ్చి, సాయంత్రం ఐదింటికి టీతో ఒక్క సకినం విరిస్తే అది ఒకటితో ఆగదు. ఆగకపోతే, నిండా మునిగాక చలేంటని ఇంకో నాలుగు.

ఈ ‘మునిగాక చలేంటి’ అన్న ధోరణిని మనస్తత్వ శాస్త్రంలో పరీక్షించి చూశారు కూడా. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మ్యాక్ కాలేజీ అమ్మాయిల్లో కొందరికి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత రుచి చెప్పమన్న నెపంతో ఐస్‌క్రీమ్ ముందు పెట్టారు. తిండి విషయంలో పట్టింపు లేనివాళ్ళు, కడుపు నిండింది కాబట్టి ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. నోరు కట్టుకుని ఉండేవాళ్ళు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. గీత ఒకసారి దాటేశాం కదా, ఇక ఆగి ఏం లాభం అన్న లెక్క. కాబట్టి రేపటికి గీత మరీ దగ్గరగా గీసుకోకండి, దాటడం తేలికవుతుంది.

షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు పూట ఎగ్గొడితే షుగర్ పడిపోయి ప్రమాదం. వాళ్ళు ఈ మాట పట్టించుకుని తీరాలి.

3. వచ్చే పూటే మొదలుపెట్టండి

సోమవారం కాదు, ఒకటో తారీఖు కాదు. మధ్యాహ్నం ఎక్కువైతే రాత్రి భోజనం నుంచే. రాత్రి ఆకలి లేకపోతే గ్లాసు మజ్జిగ తాగి పడుకోండి. ఆకలి లేక తినకపోవడం శిక్ష కిందికి రాదు.

మర్నాడు పొద్దున రెండు పెసరట్లు, కొంచెం అల్లం పచ్చడి. ఉప్మా లోపల పెట్టొద్దు. లేదా రెండు గుడ్లు, ఒక పండు. మధ్యాహ్నం మీరు రోజూ తినేంత అన్నమే పెట్టుకోండి, దాన్ని మళ్ళీ సగం చేయకండి. పక్కన మాత్రం తోటకూర పప్పో, సొరకాయ కూరో, బీరకాయ పెసరపప్పో అన్నానికి సమానంగా ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు చెప్పింది. పండగ రోజుల్లో మన విస్తట్లో పడింది అందులో పావు వంతైనా ఉంటుందా అన్నది అనుమానమే. మలబద్ధకం వదిలేది, కడుపు తేలికపడేది వీటితోనే. ఊరగాయ, అప్పడం రెండు రోజులు పక్కన పెడితే ఆగిన నీరు తొందరగా దిగుతుంది. నిమ్మకాయ నీళ్ళు, జీలకర్ర నీళ్ళు ఇష్టమైతే తాగండి, కొవ్వు మాత్రం వాటితో కరగదు.

4. డబ్బాల సంగతి తేల్చండి

అసలు పని ఇదే. బొబ్బట్లు రెండు రోజుల్లో పాడవుతాయి కాబట్టి వాటి గొడవ దానంతటదే తీరుతుంది. అరిసెలు, సకినాలు, జంతికలు వారాల తరబడి నిలవుంటాయి. వాటి సుగుణమే మనకి గండం.

ఒక అరిసెను చేతిలోకి తీసుకుని చూడండి. పాకం పిండిని అరిటాకు మీద తట్టి, నూనెలో వేసి, పొంగాక తీసి రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కుతారు. కారాల్సిందంతా కారాక కూడా, కాగితం మీద పెడితే కాసేపట్లో దాని చుట్టూ నూనె మరక తేలుతుంది. నూనె గ్రాముకి 9 కేలరీలు, బియ్యప్పిండి, బెల్లం గ్రాముకి 4. చూడటానికి అరచేతిలో సగమే ఉంటుంది గానీ ఇడ్లీతో పోల్చే వస్తువు కాదది.

ఇంట్లో మనిషికి నాలుగేసి లెక్కన తీసి విడిగా పెట్టండి. మిగతావి ఈ రోజే పొట్లాలు కట్టి పక్కింటికి, వాచ్‌మన్‌కి, పనమ్మాయికి, ఆఫీసుకి పంపించేయండి. రేపనుకుంటే రేపటికి సగం ఉండవు. ఉంచుకున్నవి గాజు సీసాలో వద్దు, స్టీలు డబ్బాలో పోసి పై అరలో పెట్టండి. తినేటప్పుడు ఒకటి పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని తినండి. డబ్బా దగ్గర నిలబడి తిన్నవాటికి లెక్క ఉండదు. విరిగిన అరిసెలకైతే అసలే ఉండదు, విరిగింది కదా అని సగాలు నాలుగు లోపలికి పోతాయి.

5. నడవండి, బాకీ తీర్చడానికి కాదు

గంటసేపు చురుగ్గా నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. పండగ తిండిని ఈ లెక్కన తీర్చబోతే మోకాళ్ళు పోతాయి. భోజనం తర్వాత పదిహేను నిమిషాల నడక చాలు, రక్తంలో చక్కెర మరీ పైకి ఎగబాకకుండా ఉంటుంది.

6. వారం తర్వాత మిషన్ బయటికి తీయండి

పొద్దున్నే, టిఫిన్‌కి ముందు, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక చూసుకోండి. పండగకి ముందున్న బరువుతో పోల్చండి. అర కిలో అటూ ఇటూ ఉంటే అంతా మామూలే.

పండగ, పెళ్ళి అని లేకుండా మామూలు రోజుల్లో కూడా ఆపుకోలేక, ఎవరికీ కనబడకుండా తినడం, తర్వాత వాంతి చేసుకోవడం జరుగుతుంటే దానికి ఈ సలహాలు పనికిరావు. అది వైద్యం ఉన్న జబ్బు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడొద్దు.

7. మాఘమాసం వస్తోంది

వెనకాలే పెళ్ళిళ్ళు. ‘ఇంకొక్కటి వెయ్యనా’ అన్నదానికి ‘డైటింగ్‌లో ఉన్నాను’ అని మాత్రం చెప్పకండి. విస్తరి చుట్టూ పంచాయితీ మొదలవుతుంది, చివరికి రెండు పడతాయి. ‘చాలా బాగుంది అత్తయ్యా, కడుపు నిండిపోయింది. రెండు కట్టివ్వండి, రేపు తింటాను’ అనండి. ఆవిడ పొట్లం కట్టడానికి లోపలికి వెళ్ళగానే మీరు చెయ్యి కడుక్కోవడానికి లేవండి.