కుక్క కరిస్తే: గాయం, టీకా, ఫిర్యాదు



ములకలపల్లి వంటి అటవీ మండలాల్లో పిల్లలకు వీధికుక్కలు, కోతులు రోజూ ఎదురవుతాయి. కరిచినా, గీరినా తిడతారన్న భయంతో చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. సమయానికి వైద్యం అందితే ఆ జబ్బును రాకుండా ఆపవచ్చు.

1. గాయం: వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టకండి. కట్టు కట్టకండి.

2. టీకా: అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా అక్కడ ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి డోసు రోజును సున్నాగా లెక్కించి, 3, 7, 28వ రోజుల్లో మిగతావి వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ గురించి డాక్టరును అడగండి. కరిచింది పెంపుడు కుక్కయినా ఇవన్నీ వర్తిస్తాయి. కోతి కరిచినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

3. ఫిర్యాదు: కుక్క రంగు, గుర్తులు, కరిచిన చోటు, సమయం రాసి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి. జంతు జనన నియంత్రణ నియమాలు 2023 ప్రకారం వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలదే.

కోపంతో కుక్కను కొట్టి చంపడం నేరం. పైగా పిల్లవాడికీ మేలు కాదు. కుక్క కళ్ల ముందుంటే 10 రోజులు గమనించవచ్చు. ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేదని తేలుతుంది. అలాగని టీకాను మాత్రం ఆ పది రోజులు ఆపకూడదు.

బడుల విషయంలో సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న ప్రత్యేక ఆదేశాలిచ్చింది. ప్రాంగణాలకు కంచె ఉండాలి. లోపలి కుక్కలను శస్త్రచికిత్స, టీకాల తర్వాత షెల్టర్లకు తరలించాలి, తిరిగి అక్కడే వదలకూడదు. కాబట్టి టిఫిన్ బాక్సులో మిగిలింది గేటు దగ్గర కుక్కలకు వేయొద్దని పిల్లలకు చెప్పండి.

ఈ నెల ఇంటిపని తల్లిదండ్రులకే: "కుక్క కరిస్తే ముందు ఎవరికి చెప్తావు?" అని పిల్లలను అడగండి. "అమ్మకో, నాన్నకో, టీచరుకో వెంటనే చెప్తాను" అని వాళ్లు జంకు లేకుండా అనాలి. చెప్పినందుకు తిట్టబోమని మీరు మాటివ్వండి.