జలమాత యొడిలో తరణవిద్య

సంస్కృతమున "తౄ" అను ధాతువు గలదు. నీటిపై తేలుట, ఈదుట, దాటుట అని దాని యర్థములు. ఏటిలో దిగుటకు, దాటుటకు వీలైన రేవునకు "తీర్థ" మని పేరు. దాటించువాడు "తారకుడు". దుఃఖమును దాటుట "తరించుట". ఈ మాటలన్నియు ఆ యొక్క ధాతువునుండియే పుట్టినవి. మోక్షమును గూర్చి చెప్పదలచిన పెద్దలు ఈతగాని యనుభవమునుండి పదములను గైకొనిరి. సంసారమును సాగరముతో పోల్చుట తెలుగువారికి ఉగ్గుపాలతో వచ్చిన యుపమానము. కాని పట్టణములందు ఆ యుపమానమును వినువారు పెక్కురు. ఈతను ఎరిగినవారు అరుదు.

ఈ లోపమును శ్రీరామకృష్ణులు ఒక చిన్న కథలో సూచించిరి. గంగపై పడవలో పోవుచున్న పండితుడొకడు తోటివానిని, వేదాంతము తెలియునా, సాంఖ్యము తెలియునా, షడ్దర్శనములు తెలియునా యని వరుసగా ప్రశ్నించెను. అన్నింటికిని అతడు తెలియదనియే చెప్పెను. ఇంతలో గాలివాన వచ్చి పడవ మునుగజొచ్చెను. అప్పుడా తోటివాడు, "అయ్యా, మీకు ఈత వచ్చునా?" యని యడిగెను. పండితునకు రాదు. ఆ కథ తాత్పర్యము భగవంతుని పొందు విద్యయే ముఖ్యమని. అయినను దాని వాచ్యార్థము గూడ విడువదగినది కాదు. మునుగుచున్న పడవలో ఈత నిజముగనే కావలెను.

సూరతు నగరమున పాండేసర యను పారిశ్రామిక ప్రాంతము గలదు. బట్టలకు రంగు వేయు మిల్లులు, అచ్చు వేయు మిల్లులు అచ్చట పెక్కు. దేశము నలుమూలలనుండి కార్మికులు అచ్చటికి వచ్చి జీవించుచున్నారు. సూరతునందలి తెలుగువారిలో తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు అనేకము. ఆ పిల్లలకై నగరపాలక విద్యాసమితి తెలుగు మాధ్యమ పాఠశాలలను గూడ నెలకొల్పినది. పూర్వము సొంతయూరిలో ఉన్నప్పుడు ఈ కుటుంబముల బాలునకు ఈత నేర్పుటకు వేరుగా గురువు అక్కరలేకుండెను. తండ్రియో మేనమామయో ఎండిన సొరకాయ బుర్రను వీపునకు గట్టి మోటబావిలో దింపెడివాడు. నాలుగు వేసవి దినములు గడచుసరికి బుర్ర ఊడెడిది, ఈత నిలిచెడిది. వలసలో మగ్గము వెంట వచ్చినది, భాష వెంట వచ్చినది. బావి మాత్రము వెనుకనే యుండిపోయినది.

కాని నీరు వారిని విడువలేదు. సూరతు తాపీనది యొడ్డున నున్న నగరము. మధ్యప్రదేశమున ముల్తాయి వద్ద జనించి, సుమారు 724 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, తాపి అరేబియా సముద్రమును జేరుచున్నది. ఈమెయే సూర్యపుత్రిక యగు తపతి యనియు, సంవరణుని వరించి కురువునకు తల్లి యయ్యెననియు ప్రసిద్ధి. ఆషాఢ శుద్ధ సప్తమినాడు సూరతు ప్రజలు ఆమె జయంతిని జరిపి, నదికి చీర సమర్పింతురు. ఆ తల్లియే ఉగ్రయైన దినములును గలవు. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన వరదచే సూరతు నగరమున అధికభాగము నీట మునిగెను. పూజించుట యొకటి, ఎరుగుట యొకటి. తల్లిని పూజించు బిడ్డ ఆమె స్వభావమును గూడ ఎరుగవలెను.

పద్మశాలీలు తమ వంశమును మార్కండేయ మహర్షితో ముడివెట్టి చెప్పుకొందురు. భాగవతము ద్వాదశ స్కంధమున ఆ మహర్షి కథ గలదు. ప్రళయజలములలో ఆయన ఒంటరిగా చిక్కుకొని, అలలచే కొట్టబడుచు, ఆకలిదప్పులకు లోనై, దిక్కు తెలియక బహుకాలము తిరుగాడెను. తుదకు మర్రియాకుపై శయనించిన శిశువును గాంచెను. సమీపింపగా ఆ శిశువు ఉచ్ఛ్వాసముతో ఆయన లోనికి బోయి సమస్త విశ్వమును జూచెను. నిశ్వాసముతో తిరిగి వెలికి వచ్చెను. నీరు, ఒంటరితనము, భయము, శ్వాస, శరణాగతి: నీటిలో తొలిసారి దిగిన ప్రతి బాలునకును ఎదురగు విషయములే యివి. కావున సాలెవారి బిడ్డకు ఈత నేర్పునపుడు తొలి పాఠము ఆ కులమూలపురుషుని కథయే కాదగును.

ఇక అభ్యాసక్రమము. మొదటిది నీటిపట్ల మర్యాద. సంధ్యావందనమునందలి ఆపోహిష్ఠా మంత్రము జలములను వాత్సల్యముగల తల్లులుగా భావించుచున్నది. తైత్తిరీయ ఆరణ్యకము నీటిలో మలమూత్రములు విడువరాదనియు, ఉమ్మివేయరాదనియు విధించినది. బాలుడు కొలనిలో దిగుటకు ముందు స్నానము చేసి, గట్టున ఒక క్షణము నిలిచి, దోసిలితో నీరు ముట్టి నమస్కరించుట మంచి యలవాటు. దీనివలన రెండు లాభములు గలవు. మనస్సున గౌరవము కుదురును. ఉరుకులాడుచు వచ్చినవాడు ఒక్క క్షణము నిలిచి లోతు, మెట్లు, తోడున్న పెద్దలు ఎచ్చట నున్నారో చూచుకొనును.

రెండవది శ్వాస. నేలపై శ్వాస తనంతట తాను జరుగును. నీటిలో దానిని ఎరిగి జరుపవలెను. నడుములోతు నీటిలో నిలిచి నోట గాలి పీల్చి, ముఖమును నీట ముంచి, మెల్లగా బుడగలుగా విడువవలెను. కొత్తవారు సాధారణముగ గాలిని బిగబట్టుదురు. తల పైకెత్తినపుడు విడుచుట, పీల్చుట రెండును ఒక్కసారిగా చేయబోయి ఉక్కిరిబిక్కిరి యగుదురు. విడుచుట నేర్చినవానికి పీల్చుట సులభము. త్యాగము చేసినకొలది గ్రహించుటకు చోటు దొరకునను మాట ఇచ్చట దేహముతోనే తెలియును.

మూడవది తేలుట. ఊపిరితిత్తుల నిండ గాలి యున్నపుడు మానవదేహము సామాన్యముగ నీటికంటె కొంచెము తేలిక. అందుచే వెల్లకిలగా పరుండిన యెడల ముఖము పైననే యుండును. భయపడినవాడు చేతులను నీటిపైకి ఎత్తును, తలను బలవంతముగ లేపును. నీటి వెలుపలికి వచ్చిన యంగము బరువును నీరు మోయదు. ఆ బరువు తక్కిన దేహమును క్రిందికి ద్రొక్కును. తల లేచినకొలది కాళ్లు దిగును. కావున గురువు తన యరచేతిని శిష్యుని తలక్రింద నుంచి, చెవులు నీట మునుగనిచ్చి, మెడ సడలింపజేసి, "నిన్ను నీరు మోయుచున్నది" అని మెల్లగా చెప్పవలెను. చేతిని ఎప్పుడు తీసినదియు శిష్యునకు తెలియకుండవచ్చును. కాని చేతికి అందని దూరము గురువు ఎన్నడును పోరాదు. శరణాగతి యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు, వ్యర్థమగు పెనుగులాటను మానుట యని బాలుడు ఈ పాఠమున నేర్చును.

నాల్గవది ప్రయత్నము. తేలుట వచ్చిన పిదపనే కాళ్లు ఆడించుట, చేతులతో నీటిని వెనుకకు ద్రోయుట నేర్పవలెను. తేలుట రాకుండ చేతులు విసరుట నేర్చినవాడు అలసినంతనే మునుగును. నీటిపై నుండి నీరంటని తామరాకును భగవద్గీత యుపమానముగ జెప్పినది. ఈతగాని స్థితి కొంత యట్టిది. నీటిలోనే యుండును, నీటికి వశము గాడు.

ఆధ్యాత్మిక సాధకులకు ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. హఠయోగ ప్రదీపిక చెప్పు ఎనిమిది కుంభకములలో ప్లావిని యనునది యొకటి. దానిచే యోగి తామరాకువలె నీటిపై తేలునని యందున్నది. ఇది విని నీటిలో కుంభకము పట్టుట, మునుగుటకు ముందు వేగముగ పలుమార్లు శ్వాసించుట, ఎవరు ఎంతసేపు మునిగియుందురో యని పందెము వేయుట మిక్కిలి ప్రమాదకరములు. అతివేగముగ శ్వాసించినచో రక్తమునందు బొగ్గుపులుసు వాయువు తగ్గును. ఊపిరి కావలెనను తహతహను రేపునది ప్రధానముగ ఆ వాయువే. అది తగ్గినవానికి ముందుసూచన లేకయే స్పృహ తప్పును. నీటిలో స్పృహ తప్పుట మృత్యువు. ప్రాణాయామమునకు చోటు ఆసనము. నీటిలో చోటు సహజశ్వాసకే.

శాస్త్రము సాహసమును మెచ్చలేదు. చేతులతో నదిని దాటరాదని, సందేహాస్పదమగు పడవ నెక్కరాదని ఆపస్తంబ ధర్మసూత్రము నిషేధించినది. ఈ నిషేధము విద్యపై గాక గర్వముపై బెట్టినదని గ్రహించుట యుచితము. కొలనిలో ఆరితేరినవాడు సైతము వరదనీటిలో దిగరాదు. పొంగిన ఖాడీలోను, నిమజ్జనపు రద్దీలోను ఈత ఆత్మరక్షణకే, ప్రదర్శనకు గాదు. మునుగువానిని గాంచి వెంటనే దుముకుట కరుణయే యైనను వివేకము గాదు. భయముచే వాడు రక్షింపవచ్చినవానినే పట్టుకొని ముంచును. కేకవేసి జనమును బిలువవలెను. త్రాడో, కర్రయో, మూతబిగించిన ఖాళీ డబ్బాయో అందింపవలెను. సాలెవాని యింట త్రాడునకును, బట్టకును కొదవ యుండదు గదా! మునుగువాడు చాలసార్లు అరవజాలడని గూడ తెలియవలెను. నోరు నీటిలో నున్నవానికి శ్వాసకే వ్యవధి లేదు, నిశ్శబ్దముగనే మునిగిపోవును. కావున పిల్లలు నీటిలో నున్నంతసేపు పెద్దల చూపు వారిపైననే యుండవలెను. అది గూడ ఒక ధ్యానమే.

ఇది చిన్న విషయము గాదు. 2021లో ప్రపంచమున సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో అంచనా ప్రకటించెను. అట్టి మరణములలో నాల్గవవంతు అయిదేండ్లలోపు పసివారివి. ఆ 2021లోనే ఐక్యరాజ్యసమితి జూలై 25వ తేదీని మునకమరణముల నివారణ దినముగ నిర్ణయించెను. బడియీడు పిల్లలకు ఈతను, జలరక్షణను నేర్పుట ఆరోగ్యసంస్థ సూచించిన యుపాయములలో నొకటి.

1892 డిసెంబరులో కన్యాకుమారియందు స్వామి వివేకానందులు సముద్రమధ్యమున నున్న శిలకు ఈదిపోయి యచ్చట ధ్యానమగ్నులైరని చెప్పుదురు. ఆ ధ్యానమును స్మరించువారు ఆ యీతను గూడ స్మరింపదగును. బాల్యమున వ్యాయామముతో బలపడిన బాహువులు లేనిచో, ఆ శిల దరినుండి చూచుటకే మిగిలెడిది.

పాండేసరలోని తండ్రి పగలెల్ల మిల్లులో నుండును. బిడ్డను బావికి గొనిపోవుటకు బావియు లేదు, తీరికయు లేదు. అయినను నగరపాలక సంస్థ నడుపు ఈతకొలనులు సూరతులో గలవు, సెలవుదినములును గలవు. ఆ దినమున బిడ్డ చేయి పట్టుకొని గట్టువరకు నడచుట, మార్కండేయుని కథ చెప్పుట, శిక్షకుని యెదుట నీరు ముట్టి నమస్కరింపజేయుట అతనికి సాధ్యములే. ఈతకు మించిన లోతు లేదని తెలుగు సామెత. ఆ ధైర్యమును బిడ్డకు సంపాదించి యిచ్చిన తండ్రి, సొరకాయ బుర్ర కట్టిన తన తండ్రి ఋణమును దీర్చుకొన్నవాడగును.