మెంతిపొడి పరిశోధనకైనా అనుమతి కావలెను

ఆయుర్వేద కళాశాలలలో పి.జి. విద్యార్థులు ఏటా తమ థీసిస్ కొరకు రోగులపై ఔషధ పరిశీలనలు చేస్తుంటారు. మధుమేహానికి మెంతులు, కీళ్లనొప్పులకు శల్లకి, అజీర్ణానికి శొంఠి వంటి అంశాలే ఎక్కువ. ఆ విద్యార్థులకు, వారి మార్గదర్శకులైన అధ్యాపకులకు, రక్తం తీసే ల్యాబ్ సిబ్బందికి పరిశోధనా నియమాలు బోధించే పని కొన్నేళ్లుగా నాకు అప్పగించారు. ఆ పరిశీలనలలో పాల్గొనేది మన ఇండ్లలోని పెద్దలే కనుక, తరగతిలో చెప్పే సంగతులు కొన్ని పాఠకులకూ విన్నవిస్తున్నాను.

తరగతిలో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "మెంతులు వంటింటి వస్తువే కదా, ఎథిక్స్ కమిటీ అనుమతి దేనికి?" పోపులో వేసే చిటికెడు మెంతులు వేరు, షుగరు మాత్రలు వాడే వ్యక్తికి రోజూ చెంచాల లెక్కన ఇచ్చే మెంతిపొడి వేరు. మాత్ర, మెంతి కలిసి చక్కెరను మితిమీరి తగ్గిస్తే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కలుగవచ్చు. పరిశీలన పేరిట వాడుతున్న మాత్రను ఆపిస్తే ప్రమాదం మరొక వైపు నుండి వస్తుంది. పైగా వైద్యుడు రోగి మేలు కొరకు మందిస్తాడు. పరిశోధకుడు రేపటి రోగులకు పనికివచ్చే జ్ఞానం కొరకు ఇస్తాడు. ఈ రెండు పాత్రలూ ఒకే మనిషివైనప్పుడు, "డాక్టరుగారు చెప్పారు గదా" అని రోగి తల ఊపుతాడు. చిక్కంతా అక్కడే ఉన్నది.

చరకుడు ఈ సంగతి ఎరుగనివాడు కాడు. ఇతర చికిత్సలకు లొంగని ఉదరరోగంలో విషద్రవ్యం ఇవ్వవలసి వచ్చినప్పుడు, ఫలితం సందేహాస్పదమని బంధుమిత్రులకు, గురువులకు, రాజుకు చెప్పి, వారి అనుమతి పొందిన పిమ్మటనే వైద్యుడు పూనుకొనవలెనని చికిత్సాస్థానంలో విధించాడు. అయితే అక్కడ అడిగేది చుట్టూ ఉన్నవారిని. నేటి నియమం మందు మింగే మనిషినే అడగమంటుంది. ఇది చిన్న తేడా కాదని నా అభిప్రాయం.

ఈ నియమాలు ఊరక పుట్టలేదు. అమెరికాలోని టస్కిగీలో 1932 నుండి 1972 వరకు సవాయి వ్యాధిగల సుమారు 400 మంది నల్లజాతి పేదలకు రోగమేమిటో చెప్పక, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా ఇవ్వక, వ్యాధి ఎట్లా ముదురుతుందో చూస్తూ ఊరకున్నారు. అంత దూరం పోనక్కరలేదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నిరోధక టీకాను వేలాది బాలికలకు పరిశీలన కార్యక్రమంగా వేశారు. వారిలో గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండేవారు అనేకులు. చాలా పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారని తరువాత విచారణలో తేలింది. కొందరు బాలికలు మరణించారనే వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. ఆ టీకా నేడు అనేక దేశాలలో వాడుకలో ఉన్నది. తప్పు మందుది కాకపోయినా, అడిగే పద్ధతిది కావచ్చునని అధ్యాపకులకు ఈ ఉదాహరణతోనే చెబుతుంటాను.

భారత వైద్య పరిశోధనా మండలి 1980లో తొలి విధాన ప్రకటన చేసి, 2000, 2006, 2017లలో మార్గదర్శకాలు వెలువరించింది. ఆయుర్వేద, సిద్ధ, యునాని ఔషధ పరిశీలనలకు 2013లో ఆయుష్ శాఖ ప్రత్యేక మార్గదర్శకాలిచ్చింది. 2006 నాటి ప్రతిని బీరువాలో పెట్టుకొని విద్యార్థికి సలహా చెప్పే ఆచార్యుడు పాత పంచాంగంతో ముహూర్తం పెట్టినట్లే. ఆచార్యునికి తెలిసినా చాలదు. సమ్మతి పత్రం చేతికిచ్చేది తరచుగా నర్సమ్మ. "ఇక్కడ వేలిముద్ర వేయండి" అనే ఒక్క మాటతో నియమాలన్నీ వృథా అవుతాయి. చదువురానివారికి పత్రం చదివి వినిపించేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండవలెను. ఏడేండ్లు దాటిన పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతితోపాటు పిల్లల ఇష్టం కూడా అడగవలెను. కమిటీలో కనీసం ఏడుగురు ఉండి, సగం మంది, అధ్యక్షుడు కూడా, ఆ సంస్థకు బయటివారై ఉండవలెను.

మీ ఇంట్లో ఎవరినైనా ఇట్లా అడిగితే, తెలుగులో వ్రాసిన వివరపత్రం కోరండి. "నేను వద్దంటే ఇక్కడ నా వైద్యం ఆగుతుందా?" అని నిస్సంకోచంగా అడగండి. ఆగదనే జవాబు రావలెను. మధ్యలో మానుకొన్నా అంతే. ఇంట్లో త్రాగే కషాయాలు, మింగే చూర్ణాలు దాచకుండా చెప్పండి. బి.పి., షుగరు మాత్రలు ఆపమంటే, వాటిని వ్రాసిన వైద్యునితో మాట్లాడనిదే ఆపవద్దు. పరిశోధన కొరకు చేసే రక్తపరీక్షలకు మీరు డబ్బు కట్టనక్కరలేదు. సంతకం చేసిన పత్రం ప్రతి ఒకటి మీకు ఇవ్వవలెను. దానిపై పరిశోధకుని ఫోను నంబరుతోపాటు ఎథిక్స్ కమిటీ నంబరు కూడా ఉంటుంది. ఆ కాగితాన్ని మందుల చీటీలతో కలిపి భద్రపరచండి.